కొత్త కాంబాట్ డ్రెస్ మీద జవాను అభిప్రాయం: ఎలా అడగాలి, ఎలా రాసుకోవాలి

2022 జనవరి 15న ఢిల్లీలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో పారాచూట్ రెజిమెంట్ కమాండోలు కొత్త కాంబాట్ డ్రెస్‌లో కవాతు చేశారు. ఆ రోజు నుంచే దాని రంగు గురించి, కుట్టు గురించి, చొక్కాను ప్యాంటు లోపలికి దోపకుండా బయటికి వదలడం గురించి దేశమంతా మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటల్లో ఎక్కువ భాగం చూసినవాళ్లవి. ఆ బట్టలతోనే తెల్లవారుజామున పీటీ గ్రౌండు దాటి, రైఫిల్ భుజాన వేసుకుని, వానలో తడిసి, ఒంటి మీదే ఆరబెట్టుకునేవాళ్ల మాట మనకు చాలా తక్కువగా వినిపిస్తుంది. వినిపించినా అది "బాగుంది", "బాగాలేదు" అనే రెండు ముక్కల దగ్గరే ఆగిపోతుంది.

టెక్స్‌టైల్ డిజైన్ చదివే విద్యార్థులు, రక్షణ రంగం గురించి రాసే విలేకరులు, మాజీ సైనికుల సంఘాల్లో పనిచేసేవారు, ఇంట్లో అన్నో బాబాయో ఫౌజులో ఉన్నవారు ఆ మాటను పనికొచ్చే విధంగా అడిగి రాసుకోవడానికి ఈ వ్యాసం ఉపయోగపడుతుంది. ఏ మనిషి, ఏ పని చేస్తూ, ఏ వాతావరణంలో, ఎన్ని ఉతుకుల తర్వాత అన్నాడో తెలియని అభిప్రాయంతో యూనిఫాంలో ఒక్క గుండీ కూడా మార్చలేమన్నది నా గట్టి నమ్మకం. కింద చెప్పేవన్నీ ఆ నాలుగు వివరాలను రాబట్టుకోవడానికి సంబంధించినవే.

ముందు ఆ బట్ట గురించి తెలుసుకోండి

జవాను దగ్గరికి వెళ్లేముందు పాత డ్రెస్‌కూ కొత్త డ్రెస్‌కూ మధ్య మారినవి ఏమిటో ఒక కాగితం మీద రాసుకోవాలి. కొత్త డ్రెస్‌ను నిఫ్ట్ (జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ) సహకారంతో రూపొందించారు. ఆలివ్, మట్టి రంగులు కలిసిన డిజిటల్ అచ్చు, అంటే చిన్న చిన్న చతురస్రాలుగా విడిపోయినట్లు కనిపించే మచ్చలు, దాని మీద ఉంటాయి. నేతలో కాటన్ 70 పాళ్లు, పాలిస్టర్ 30 పాళ్లు. పాత బట్టకన్నా తేలికగా, గట్టిగా ఉంటుందనీ, త్వరగా ఆరుతుందనీ సైన్యం చెప్పింది. పాత పద్ధతిలో చొక్కాను లోపలికి దోపి పైన బెల్టు కట్టేవారు. ఇప్పుడు జాకెట్ బయటికే ఉంటుంది, బెల్టు దాని కింద దాగి ఉంటుంది. ముంజేతి దగ్గర పెన్ను పెట్టుకునే చోటు, నడుము దగ్గర సర్దుకోవడానికి ఎలాస్టిక్, గుండీలు, ప్యాంటు గజ్జల్లో రెండు పొరల బట్ట వంటివి కొత్తగా వచ్చాయి. మహిళా సైనికుల అవసరాల కోసం ప్రత్యేకంగా కొన్ని మార్పులు చేశారు.

ఈ జాబితా మీ చేతిలో ఉంటే ప్రతి మార్పునూ ఒక ప్రశ్నగా మలచుకోవచ్చు. జాకెట్ బయటికి ఉండటం వల్ల గాలి ఆడుతోందా, లేక బోర్లా పడుకుని పాకేటప్పుడు జాకెట్ అంచు పైకి జరిగి పొట్ట నేలకు తగులుతోందా? బెల్టు లోపలికి వెళ్లాక దానికి తగిలించే సామాను ఎక్కడికి మారింది? గజ్జల్లో రెండో పొర వల్ల బట్ట చిరగడం తగ్గిందా, ఎండాకాలం నడకలో ఒరుసుకుంటోందా? ఇలా అడిగినప్పుడు జవాను ముఖంలో తేడా మీకే తెలుస్తుంది. తన పని గురించి కొంత తెలుసుకుని వచ్చిన మనిషితో అతను నిలబడి మాట్లాడతాడు.

ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు

సర్వీసులో ఉన్న సైనికుడు తన సేవకు సంబంధించిన విషయాలను అనుమతి లేకుండా పత్రికలకు చెప్పడానికి వీలు లేదు. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లోని 21వ నియమం దీని గురించే చెబుతుంది. కాబట్టి మీరు విలేకరి అయితే సర్వీసులో ఉన్నవారిని అనుమతి లేకుండా ప్రశ్నలు అడిగి ఇబ్బందిలో పెట్టవద్దు. పేరు రాయనని మాట ఇచ్చినా అతను నియమాన్ని దాటినట్లే అవుతుంది, ఆ భారం మీ మీద పడదు, అతని మీదే పడుతుంది. విద్యాసంస్థ తరఫున అధ్యయనం చేసేవారు తమ సంస్థ ద్వారా రాతపూర్వకంగా అనుమతి కోరాలి. సర్వీసులో ఉన్న జవానుకు తన ఇబ్బంది చెప్పుకోవడానికి యూనిట్‌లో బట్టలు, సామాను చూసే క్వార్టర్‌మాస్టర్ నుంచి పైకి వెళ్లే దారి ఉంది. అతను మీ బంధువైతే, ఆ దారిలో పంపే కాగితాన్ని స్పష్టంగా రాసుకోవడానికి సాయం చేయడమే మీరు చేయగలిగిన మంచి పని.

రిటైరైనవారితో మాట్లాడటం సులువు. మన ప్రాంతంలో వారికి కొదవ లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, ప్రకాశం జిల్లాల్లో కూడా తరతరాలుగా ఫౌజుకు వెళ్లే కుటుంబాలు ఉన్నాయి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2022కు ముందు రిటైరైన వ్యక్తి కొత్త డ్రెస్ వేసుకుని ఉండడు. అతను ఓజీ (ఆలివ్ గ్రీన్ యూనిఫాం) రోజుల గురించి, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మడత గురించి, పాత కాంబాట్ డ్రెస్ గురించి చెప్పే మాటలు పోల్చి చూడటానికి ఎంతో విలువైనవి. వాటిని కొత్త డ్రెస్ మీద అభిప్రాయాలుగా మాత్రం లెక్కించకూడదు. రాసుకునే కాగితంలో "వేసుకున్నారు", "చూశారు", "విన్నారు" అని మూడు గడులు పెట్టి, ఎవరు ఏ గడిలోకి వస్తారో మొదటి నిమిషంలోనే గుర్తు పెట్టండి.

తర్వాత చూడవలసింది పని. ఇన్‌ఫాంట్రీ (పదాతిదళ) జవాను మోకాలు, మోచేయి అరుగుదల గురించి చెబుతాడు. డ్రైవరుకు సీటు తగిలే చోట, నడుము వెనక ఇబ్బంది ఉంటుంది. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే విభాగం) సెంటరులో తర్ఫీదు పొంది వర్క్‌షాపులో బండ్లు బాగుచేసే మెకానిక్‌కు గ్రీజు మరకలు పోతాయా లేదా అన్నదే పెద్ద సంగతి. వంటశాలలో పొయ్యి ముందు నిలబడేవాడికి బట్టలో పాలిస్టర్ ఎంత ఉందన్నది ముఖ్యం. ఈ నలుగురి మాటలనూ కలిపేసి "సగం మందికి నచ్చింది" అని రాస్తే నలుగురిలో ఒక్కరికీ ఉపయోగం ఉండదు.

మహిళల అభిప్రాయాలను విడిగా రాసుకోవాలి. సంఖ్యలో తక్కువ కాబట్టి మొత్తంలో కలిపితే వారి మాట కనబడకుండా పోతుంది. అమెరికా సైన్యంలో మహిళల కోసమని తయారు చేసిన కాంబాట్ యూనిఫాం కొలతలు చిన్న ఒడ్డూపొడుగు ఉన్న మగ సైనికులకు కూడా సరిపోతాయని తేలడంతో, దాన్ని మహిళల యూనిఫాం అనడం మానేసి ప్రత్యామ్నాయ యూనిఫాం అని పేరు పెట్టి ఇద్దరికీ అందుబాటులోకి తెచ్చారు. భుజాలు ఇరుకుగా, తుంటి దగ్గర వెడల్పుగా ఉండాలన్న కొందరి అవసరాన్ని విడిగా విన్నందువల్ల, ఎన్నాళ్లుగానో వదులు చొక్కాలతో సర్దుకుపోతున్న మరికొందరికీ మేలు జరిగింది.

ప్రశ్న ఎలా ఉండాలి

"కొత్త యూనిఫాం నచ్చిందా?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. ఫౌజు మనిషికి ఇచ్చింది వేసుకోవడం అలవాటు. ఆ ప్రశ్న అతనికి తన క్రమశిక్షణ మీద వేసిన ప్రశ్నలా వినిపిస్తుంది, "ఏముంది సార్, బాగానే ఉంది" అని ముగించేస్తాడు. జరిగిన పని గురించి మొదలుపెట్టి, బట్ట దగ్గరికి తర్వాత రండి. ఉదాహరణకు, గత ఏడాది రిటైరై ఊరికి వచ్చిన హవల్దారుతో అతని అన్న కొడుకు ఇలా మాట్లాడవచ్చు.

"బాబాయ్, ఆ డ్రెస్‌లో వానకు బాగా తడిసిన రోజు ఏదైనా గుర్తుందా?"

"ఎందుకు లేదూ, రూట్ మార్చ్‌లో నిండా తడిసిపోయాం."

"ఎక్కడ ముందు ఆరింది, ఎక్కడ ఆరలేదు?"

"వీపు తొందరగానే ఆరింది. నడుం దగ్గర, అదే బెల్టు కింద, మధ్యాహ్నం దాకా చెమ్మగానే ఉంది. అక్కడే ఒరుసుకుంది."

"పాత దానిలోనూ అలాగే ఉండేదా?"

"పాతది మొత్తం ఆరేది కాదురా. అందుకే ఒక్కచోటే మండినట్టు తెలిసేది కాదు."

పైపైన చూస్తే చివరి మాట కొత్త డ్రెస్ మీద ఫిర్యాదులా ఉంది. జాగ్రత్తగా చదివితే బట్ట మెరుగుపడిందనీ, ఇబ్బంది బెల్టు కింద మాత్రమే మిగిలిందనీ తెలుస్తుంది. డిజైన్ చేసేవాడికి కావలసింది సరిగ్గా అదే. "నచ్చిందా" అని అడిగి ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేది కాదు.

వీలైతే ఆ బట్టను ఎదురుగా పెట్టుకుని మాట్లాడండి. మాటల్లో చెప్పలేనిది వేలు పెట్టి చూపిస్తారు. రైఫిల్ పట్టీ ఆనే భుజం కుట్టును తిప్పి చూడండి, అక్కడి నూలు పీచు లేచి ఉంటుంది. మోకాలి దగ్గర అచ్చు రంగు, జేబు మూత కింద ఎండ తగలని చోట ఉన్న రంగుతో పోల్చి చూస్తే ఉతుకులకూ ఎండకూ ఎంత వెలిసిందో తెలుస్తుంది. కాలరు లోపలి అంచు మీద చెమట చార ఎక్కడిదాకా పాకిందో గమనించండి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ వేసుకున్నప్పుడు లోపలి చొక్కా జేబులు, గుండీలు ఛాతీకి ఎక్కడ గుచ్చుకుంటాయో చూపించమని అడగండి. దర్జీ దగ్గర ఏదైనా సరిచేయించుకున్నారా అన్న ప్రశ్న మరిచిపోవద్దు. ఎక్కువ మంది ఒకేచోట బిగించుకున్నా, వదులు చేయించుకున్నా, ఆ సైజు కొలతలోనే లోపం ఉందని అర్థం. ఏ అభిప్రాయ సేకరణకన్నా దర్జీ కత్తెర ఇచ్చే సాక్ష్యం బలమైనదని నేను భావిస్తాను.

నాలుగు రకాల మాటలను వేరు చేయండి

ఒకే వాక్యంలో జవాను సౌకర్యం, కనబడకుండా ఉండటం, గౌరవం, ఖర్చు ఈ నాలుగింటినీ కలిపి మాట్లాడతాడు. వినేవాడు వాటిని విడదీయాలి.

సౌకర్యం విషయంలో వేసుకున్నవాడి మాటే చివరి మాట. 2005 నుంచి అమెరికా సైనికుల చేతికి వచ్చిన ఏసీయూ (ఆర్మీ కాంబాట్ యూనిఫాం)లో జేబులకు, బ్యాడ్జీలకు వెల్క్రో పెట్టారు. అది మూసినా తీసినా వచ్చే చప్పుడు నిశ్శబ్దంగా కదలవలసిన చోట ప్రమాదమనీ, దుమ్ము, బురద పట్టుకున్నాక అతుక్కోదనీ సైనికులు పదే పదే చెప్పారు. 2010లో ప్యాంటు పక్క జేబులకు వెల్క్రో బదులు గుండీలు పెట్టాలని నిర్ణయించారు. ఆ ఫిర్యాదు నెగ్గడానికి కారణం దానిలో భాగం పేరు ఉంది, సందర్భం ఉంది, కలిగే నష్టం ఉంది. మీరు రాసుకునే ప్రతి మాటలో ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి.

కనబడకుండా ఉండటం గురించి మాత్రం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. వేసుకున్నవాడు తనను తాను చూసుకోలేడు. అందుచేత "నాకు ఈ అచ్చు నమ్మకంగా ఉంది" అన్న మాటకు పరిమితమైన విలువే ఉంటుంది. "ఎదురుగా ఉన్న మా సెక్షన్ వాళ్లు నాకు ఎంత దూరం నుంచి కనిపించారు" అన్న మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి. అదే ఏసీయూ మీద వేసిన బూడిదరంగు డిజిటల్ అచ్చు ఎడారికీ, అడవికీ, ఊరికీ అన్నింటికీ ఒకటే సరిపోతుందన్న ఆలోచనతో వచ్చింది. అఫ్గానిస్తాన్ కొండల్లో, పచ్చని లోయల్లో పనిచేసిన సైనికులు అది దాచడం లేదని చెప్పారు. వారి ఫిర్యాదులు పెన్సిల్వేనియాకు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ మర్తా దాకా వెళ్లాయి. 2009లో అమెరికా కాంగ్రెస్ ఈ విషయంలో చర్య తీసుకోవాలని రక్షణ శాఖకు చెప్పింది. ఆ ఏడాదే రెండు యూనిట్లకు రెండు వేర్వేరు అచ్చులు ఇచ్చి అఫ్గానిస్తాన్‌లో వాడి చూశారు. 2010లో అక్కడికి వెళ్లేవారి కోసం మల్టీక్యామ్ అనే అచ్చు ఎంపికైంది. ఆ తర్వాత మొత్తం సైన్యానికి కొత్త అచ్చు తెచ్చి, 2019 అక్టోబర్ 1 నాటికి పాతదాన్ని పూర్తిగా తీసేశారు. సైనికుల మాట నిజమని తేలింది, కానీ అది తేలేలోపు ఆ అచ్చుతోనే కొన్ని వేల మంది యుద్ధానికి వెళ్లి వచ్చారు. అడగడం ఆలస్యమైతే దాని ధర ఎవరు చెల్లిస్తారో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అడిగినా, అడగవలసింది అడగకపోతే ఏమవుతుందో అమెరికా నౌకాదళం అనుభవంలో కనిపిస్తుంది. 2003లో మొదలైన యూనిఫాం కార్యదళం నావికుల నుంచి పెద్దఎత్తున అభిప్రాయాలు సేకరించింది. ఆ కృషి ఫలితంగా నీలం, బూడిద రంగుల డిజిటల్ అచ్చుతో పని యూనిఫాం వచ్చింది. రంగుల మరకలు, గ్రీజు మరకలు అంతగా కనబడని గుణం దానికి ఉంది. అయితే నావికుడు సముద్రంలో పడిపోతే ఆ నీలం రంగు అతన్ని వెతికేవాళ్లకే కనబడకుండా చేస్తుందని నావికులే విమర్శించారు. నైలాన్, కాటన్ సగం సగం కలిసిన ఆ బట్ట మంటలో కాలి, కరిగి కారుతుందని 2012లో నౌకాదళం జరిపిన పరీక్షలో బయటపడింది. ఓడలో అన్నింటికన్నా భయపెట్టేది అగ్నిప్రమాదమే. ఆ తర్వాత ఓడల మీద పనిచేసేవారికి మంటను తట్టుకునే దుస్తులు ఇచ్చారు, 2019 అక్టోబర్ 1తో ఆ నీలం యూనిఫాంకు స్వస్తి పలికారు. మంటలో ఎలా ఉంటుందో వేసుకున్నవాడు రోజువారీ అనుభవంతో చెప్పలేడు, అది ప్రయోగశాల తేల్చవలసిన సంగతి. అందుకే మీ నివేదికలో జవాను చెప్పగలిగినవి, పరీక్షతో మాత్రమే తెలిసేవి అని రెండు భాగాలు ఉండాలి. రెండో భాగాన్ని మొదటి భాగంలోని మెచ్చుకోళ్లతో నింపకూడదు.

గౌరవానికి సంబంధించిన మాటలను చిన్నచూపు చూడవద్దు. రెజిమెంటు గుర్తు, టోపీ రంగు, భుజం మీది తాడు, వీటికోసం ప్రాణాలిచ్చిన చరిత్ర ప్రతి రెజిమెంటుకూ ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆపై హోదాల అధికారులందరికీ టోపీ, హోదా చిహ్నాలు, కాలరు పట్టీలు, బెల్టు, బూట్లు ఒకే రకంగా చేసి, భుజం తాడును తీసేశారు. ఆ స్థాయిలో రెజిమెంటు భేదం కనబడకూడదన్నది దాని ఉద్దేశం. ఇటువంటి మార్పు గురించి అడిగేటప్పుడు బట్ట ఎలా ఉందని అడిగితే సరిపోదు. దాన్ని తీసేసిన రోజు ఇంట్లో వాళ్లతో ఏమన్నారని అడగండి, వచ్చిన జవాబును సౌకర్యం లెక్కల్లో కలపకుండా వారి మాటల్లోనే యథాతథంగా రాయండి.

ఖర్చు గురించి క్లుప్తంగా. ఏడో వేతన సంఘం తర్వాత 2017 నుంచి అధికారి హోదా లేని సైనికులకు ఏడాదికి 10,000 రూపాయల డ్రెస్ అలవెన్సు వచ్చింది, తర్వాత అది పెరిగింది. "ఖరీదు ఎక్కువ" అని ఎవరైనా అంటే అది బట్ట ధరా, కుట్టుకూలీనా, జత త్వరగా చిరిగి మళ్లీ కొనవలసి రావడమా అన్నది అడిగి తేల్చుకోండి. మూడోదైతే ఆ మాట ఖర్చు గడిలో కాకుండా మన్నిక గడిలో ఉండాలి.

ఎప్పుడు అడగాలి, ఎవరి ముందు అడగాలి

కొత్త జత అందిన మొదటి నెలలో వచ్చే మెప్పును గానీ, విసుగును గానీ పెద్దగా పట్టించుకోవద్దు. కనీసం ఒక వేసవి, ఒక వర్షాకాలం గడిచాక అదే మనిషిని మళ్లీ అడగాలి. మొదట మెచ్చుకుని తర్వాత మాట మార్చినవారిని ఎందుకో అడగండి. అలాగే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే సుబేదార్ సాబ్ ఏమంటే మిగిలినవాళ్లు అదే అంటారు. ఇది పిరికితనం వల్ల వచ్చేది కాదు, హోదాకు ఇచ్చే మర్యాద. కాబట్టి ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఆ తర్వాతే అందరినీ కలపండి.

వంద మంది "నచ్చలేదు" అన్నదానికన్నా, ఒక్కడు కారణంతో సహా చూపించిన చిరుగు బరువైనది. అయితే ఆ చిరుగు అతని ఒక్కడి జతదేనా, ఆ సైజు అంతటిదీనా అన్నది మరో ఇద్దరు ముగ్గురిని అడిగి చూసుకోవాలి.

బయటపెట్టకూడనివి

పాత కాంబాట్ బట్ట బజారులో ఎవరికైనా దొరికేది. 2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరం మీద దాడి చేసినవారు సైనిక దుస్తుల్లో వచ్చారు. ఆ తర్వాత ఆర్మీ అచ్చు బట్టలు అమ్మవద్దనీ, కట్టవద్దనీ సైన్యం ప్రజలను కోరింది. కొత్త డ్రెస్ డిజైన్‌ను, అచ్చును సైన్యం తన పేర రిజిస్టరు చేయించుకోవడానికి నేపథ్యం ఇదే. అందువల్ల మీ నివేదిక కోసం బజారులో నకలు బట్ట కొని పరీక్షించడం తగదు. జత దగ్గరి ఫోటోలు, యూనిట్ పేరు, ఉన్న చోటు, ఎంతమంది ఉన్నారన్నది ఎక్కడా రాయవద్దు. "ఎత్తైన చలి ప్రాంతం", "ఎడారి", "తడి అడవి" అని వాతావరణం మాత్రం రాస్తే మీ అవసరం తీరుతుంది. సైనికుడని నమ్మించాలన్న ఉద్దేశంతో ఇతరులు సైనిక దుస్తులు ధరించడం భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద నేరమని కూడా గుర్తుంచుకోండి.

కాగితం మీద పెట్టేటప్పుడు ప్రతి అభిప్రాయానికీ ఒక వరుస కేటాయించి, పని, వాతావరణం, సైజు, ఎన్ని నెలల వాడకం, బట్టలో ఏ భాగం, ఏం చేస్తుండగా, ఏమైంది అన్నవి వరసగా రాసి, చివర అతని మాటను అతను పలికిన భాషలోనే, హిందీ తెలుగు కలిసి ఉన్నా సరే, దిద్దకుండా ఉంచండి. అదంతా పూర్తయ్యాక అతనికి చదివి వినిపించి, వద్దన్నది కొట్టేసి, సరేనన్నాకే మరొకరి చేతికి ఇవ్వండి.